సిస్టర్ మాట వినబడుతోందా?

వార్డులో రోగి పక్కన ఇరవై నాలుగు గంటలూ ఉండేది నర్సులే. వాళ్లు గమనించింది డాక్టరు దాకా చేరితే ప్రాణం నిలుస్తుంది. మధ్యలో ఎక్కడో ఆగిపోతే ఆ నష్టం పూడ్చలేం. ఆస్పత్రుల్లో జట్టుగా పనిచేయడం గురించి, అక్కడ జరిగే గొడవల గురించి, నర్సుకు ఉండాల్సిన నోరు విప్పే హక్కు గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

రాత్రి రెండు దాటింది. నాన్నకు పేగు ఆపరేషన్ అయి పన్నెండు గంటలైంది. అదొక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి. సర్జరీ వార్డులో ముప్పై ఆరు మంచాలు, ఇద్దరు నర్సులు. మంచాల మధ్య సందుల్లో చాపలు పరుచుకుని మాలాంటి వాళ్లం పడుకున్నాం. ఆ ఇద్దరిలో చిన్నమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, టార్చిలైటుతో వచ్చి నాన్న మంచానికి వేలాడుతున్న యూరిన్ బ్యాగు దగ్గర వంగి చూసింది. మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది.

"బాబాయ్ గారూ, కళ్లు తిరుగుతున్నాయా?"

నాన్న తల అడ్డంగా ఊపారు. "దాహంగా ఉందమ్మా" అన్నారు.

ఆమె కేస్ షీట్ తెచ్చి చూసింది. సాయంత్రం ఆరింటికి నాడి 84. పదింటికి 98. ఇప్పుడు 118. బీపీ మాత్రం బాగానే ఉంది. యూరిన్ బ్యాగులో రెండు గంటలుగా గీత కదల్లేదు. డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌ను లేపి చెప్పింది. అతనూ ముందురోజు పొద్దుటి నుంచి సరిగా నిద్రలేని మనిషే. "నొప్పికి నాడి అలాగే ఉంటుంది సిస్టర్. పెయిన్ ఇంజెక్షన్ ఇవ్వండి, పొద్దున రౌండ్స్‌లో చూద్దాం" అన్నాడు.

ఆమె మనసు ఒప్పుకోలేదు. నాన్న చేతులు మళ్లీ తాకి చూసింది. ఫోన్ తీసి నేరుగా పీజీ డాక్టరుకు చేసింది. "సార్, నాలుగో మంచం. మధ్యాహ్నం పేగు ఆపరేషన్ అయిన పేషంట్. నాడి 118కి పెరిగింది. రెండు గంటలుగా యూరిన్ లేదు. చేతులు చల్లబడ్డాయి. లోపల రక్తం పోతోందేమోనని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్."

ఆయన వచ్చారు. గంటలోపే నాన్నను మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. లోపల ఒక రక్తనాళానికి వేసిన ముడి జారి రక్తం కారుతోందని తేలింది.

తెల్లారాక నర్సుల టేబుల్ దగ్గర మాటలు వినిపించాయి. "నా మీద పైవాళ్లకు చెప్తారా?" అని హౌస్ సర్జన్. "మీ మీద చెప్పలేదు డాక్టర్ గారూ, పేషంట్ గురించి చెప్పాను" అని ఆ అమ్మాయి. గొంతు వణుకుతోంది గానీ మాట తడబడలేదు. హెడ్ నర్స్ వచ్చి ఇద్దరినీ లోపలి గదిలోకి పిలిచారు.

నాన్న ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికారు.

ఆ రాత్రి ఆమె మాట్లాడినందుకు ఒక గొడవ జరిగింది. మాట్లాడకపోయి ఉంటే ఒక చావు జరిగేది. ఆస్పత్రిలో జట్టుపని అంటే ఏమిటో నాకు అర్థమైంది అప్పుడే. అందరూ నవ్వుతూ, ఒకరినొకరు నొప్పించకుండా ఉంటే సరిపోదు. చూసిన మనిషి చెప్పగలగాలి. చెప్పింది వినే మనిషి ఉండాలి. ఈ రెండూ మంచితనానికి వదిలేయకుండా నియమాలుగా పెట్టుకున్న చోట రోగులు బతికారు. అందుకు లెక్కలున్నాయి, చరిత్ర ఉంది.

డ్యూటీ మారే ఆ పావుగంట

పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది. మన ఆస్పత్రుల్లో చాలాచోట్ల నర్సుల డ్యూటీలు మారే వేళలివి. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు వార్డు అప్పగించే ఈ హ్యాండోవర్ బయటివాళ్లకు మామూలు తంతులా కనిపిస్తుంది. నిజానికి రోజు మొత్తంలో రోగికి ఎక్కువ ప్రమాదం పొంచి ఉండే సమయాల్లో ఇదొకటి. ఎవరికి సెలైన్ ఎంత వెళ్లింది, ఎవరికి ఏ మందు పడదు, ఎవరి రక్త పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు, రేపటి ఆపరేషన్‌కి ఎవరు పరగడుపున ఉండాలి... ఇందులో ఒక్క ముక్క జారిపోయినా తర్వాతి ఆరు గంటలో, పన్నెండు గంటలో ఎవరికీ తెలియకుండా గడిచిపోతాయి. బస్సు అందుకోవాలన్న తొందర ఒకరిది. వస్తూనే పది పనులు చుట్టుముట్టిన హడావుడి మరొకరిది.

ఈ జారిపోవడాన్ని ఆపడానికి ఇప్పుడు ప్రపంచమంతటా వాడుతున్న పద్ధతి పేరు ఎస్‌బార్. పుట్టింది ఆస్పత్రిలో కాదు, అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో. సముద్రం అడుగున తప్పుడు మాటకు చోటుండదు కాబట్టి చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పేవాళ్లు. కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థ దాన్ని కొలరాడోలో ఆస్పత్రి పనికి మలిచింది. మొదటిది, ఇప్పుడు ఏం జరుగుతోంది. రెండోది, ఈ రోగి వెనకటి సంగతి ఏమిటి. మూడోది, నా అంచనా ఏమిటి. నాలుగోది, మీరు ఏం చేయాలి.

ఆ రాత్రి ఫోన్‌లో ఆ అమ్మాయి మాట్లాడింది సరిగ్గా ఈ తీరులోనే. ఈ నాలుగింటిలో మొదటి రెండూ నర్సులందరూ చెబుతారు. కష్టమంతా మూడో మాట దగ్గరే. "నా అనుమానం ఇది" అనడానికి మన వార్డుల్లో ఎంతమంది నర్సులకు ధైర్యం ఉంది? ఆ ధైర్యం చేసినవాళ్లకు ఎంతమంది డాక్టర్లు "మంచిపని చేశారు సిస్టర్" అంటున్నారు?

డాక్టరు గారు చెప్పారు కదా!

అమెరికాలో చార్లెస్ హాఫ్లింగ్ అనే మానసిక వైద్యుడు 1966లో ఒక అధ్యయనం ప్రచురించారు. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు ఒక ఫోన్ వస్తుంది. అవతలి వ్యక్తి తనను తాను డాక్టరుగా పరిచయం చేసుకుంటాడు. ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఫలానా రోగికి ఫలానా మందు 20 మిల్లీగ్రాములు వెంటనే ఇవ్వండి, నేను వచ్చాక సంతకం పెడతాను అంటాడు. సీసా మీద రోజుకు 10 మిల్లీగ్రాములకు మించకూడదని రాసి ఉంది. ఫోన్‌లో చెప్తే మందులు ఇవ్వకూడదని ఆస్పత్రి నిబంధన కూడా ఉంది. అయినా 22 మంది నర్సుల్లో 21 మంది మందు తీసుకుని రోగి మంచం వైపు నడిచారు. పరిశోధకులు దారిలోనే ఆపేశారు. సీసాలో ఉన్నది హాని చేయని చక్కెర బిళ్లలే.

ఇందులో ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటుంది. ఇలాంటి ఫోన్ వస్తే ఏం చేస్తారని మరో 12 మంది నర్సులను అడిగితే, వారిలో 10 మంది మందు ఇవ్వబోమని చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా నమ్మారు. కానీ ఫోన్‌లో డాక్టరు గొంతు గద్దించినప్పుడు, చదివిన చదువు కంటే అలవాటైన భయం ముందుకొస్తుంది. తప్పు ఆ నర్సులది అనడం తేలిక. ఎదురు చెప్పిన వాళ్లను శిక్షించే చోట మనుషులను పెట్టి, ఎదురు చెప్పలేదేమని అడగడం న్యాయం కాదు.

మరుసటి ఏడాది, 1967లో, లియొనార్డ్ స్టీన్ అనే మరో మానసిక వైద్యుడు డాక్టర్లకూ నర్సులకూ మధ్య నడిచే తీరుకు ‘డాక్టరు - నర్సు ఆట’ అని పేరు పెట్టారు. నర్సు సలహా ఇవ్వాలి, కానీ అది సలహాలా ఉండకూడదు. డాక్టరు ఆ సలహా తీసుకోవాలి, కానీ తనకే తోచినట్టు ఉండాలి. మన వార్డుల్లో ఈ ఆట తెలియని వాళ్లుండరు. "సార్, పోయిన వారం ఈ పేషంట్‌కి ఫలానా మందు బాగా పనిచేసిందండి" అంటుంది సిస్టర్. ఆ మందే రాయండి అన్నదాన్ని చుట్టు తిప్పి చెప్పడం అది. మామూలు రోజుల్లో ఈ చుట్టుతిరుగుడు నడిచిపోతుంది. ఊపిరాడని రోగి ఎదురుగా ఉన్నప్పుడు ఆ చుట్టు తిరిగేంత సమయం ఉండదు.

‘ఆగండి’ అనే అధికారం

భయానికి మందు నియమమే. దీన్ని రుజువు చేసి చూపించిన చోటు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి. అక్కడ పీటర్ ప్రొనోవోస్ట్ అనే ఇంటెన్సివ్ కేర్ వైద్యుడు 2001లో ఒక చిన్న కాగితం మీద ఐదు అంశాలు రాశారు. రోగి గుండె దగ్గరి పెద్ద సిరలోకి గొట్టం వేసేటప్పుడు చేతులు కడుక్కోవాలి, చర్మాన్ని క్రిమిసంహారకంతో శుభ్రం చేయాలి, రోగి ఒళ్లంతా శుభ్రమైన గుడ్డ కప్పాలి, మాస్కు, గౌను, గ్లోవ్స్ వేసుకోవాలి, గొట్టం వేశాక కట్టు కట్టాలి. ఇందులో ఏ డాక్టరుకూ తెలియనిది ఒక్కటీ లేదు. కానీ నెల రోజులు గమనించమని నర్సులను అడిగితే, మూడో వంతుకు పైగా రోగుల విషయంలో డాక్టర్లు ఏదో ఒక మెట్టు దాటేస్తున్నారని తేలింది.

ప్రొనోవోస్ట్ చేసిన అసలైన పని ఆ తర్వాతిది. డాక్టరు ఒక్క మెట్టు వదిలేసినా "ఆగండి" అని చెప్పే అధికారం నర్సులకు ఇప్పించారు. వాళ్ల వెనక యాజమాన్యం నిలబడుతుందని ముందే అందరికీ తెలియజేశారు. ఏడాదిలో ఆ గొట్టాల ద్వారా వచ్చే ఇన్‌ఫెక్షన్లు 11 శాతం నుంచి సున్నాకు పడిపోయాయి. మిషిగన్ రాష్ట్రంలోని ఆస్పత్రుల్లో ఇదే పద్ధతి అమలుచేస్తే ఏడాదిన్నరలో ఈ ఇన్‌ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయని 2006లో వెలువడిన అధ్యయనం చెప్పింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. నర్సు నోటికి వేసిన తాళం తీశారు, అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలోనూ ఇదే కిటుకు ఉంది. కత్తిగాటు పెట్టేముందు థియేటర్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలి. ఒకసారి పేరు పెట్టి పలికిన మనిషితో ఆ తర్వాత అనుమానం చెప్పుకోవడం తేలికవుతుందన్నది దీని వెనకున్న ఆలోచన. ఆపరేషన్ ముగిశాక దూది, గాజుగుడ్డలు, పరికరాలు లెక్క సరిపోయాయని నర్సు పైకి చెప్పాలి. మన న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో దీన్ని పరీక్షించారు. ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

చేతులు చాలనప్పుడు...

నర్సుకూ డాక్టరుకూ మధ్య గొడవల గురించే మాట్లాడుకుంటే సగం కథే చెప్పినట్టు. నర్సులకూ నర్సులకూ మధ్య నలిగే గొడవలు ఇంకా బాధాకరం. నైట్ డ్యూటీ వరసగా ఎవరికి పడింది, పండక్కి సెలవు ఎవరికి దొరికింది, పర్మనెంట్ ఉద్యోగికి ఒక జీతం, అదే మంచం దగ్గర అదే పని చేసే ఔట్‌సోర్సింగ్ నర్సుకు మరో జీతం. కొత్తగా వచ్చిన పిల్లను అందరి ముందూ కసిరే సీనియర్, సీనియర్‌ను అడగడానికి భయపడి ఊహించి పనిచేసే కొత్త పిల్ల. దీన్ని ఆడవాళ్ల మధ్య పోట్లాటలుగా కొట్టిపారేసే వాళ్లున్నారు. అది అన్యాయమైన మాట. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరి మీద పడ్డ ఏ చోటైనా మనుషులు ఒకరినొకరు రాసుకుని మండుతారు.

బోధనాస్పత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం చెబుతుంది. మా నాన్న ఉన్న వార్డులో ఆ రాత్రి పద్దెనిమిది మందికి ఒకరున్నారు. పైగా వాళ్ల పని రోగిని చూసుకోవడంతో అయిపోదు. మందుల ఇండెంట్లు రాయాలి, దుప్పట్ల లెక్క చూడాలి, ఆరోగ్యశ్రీ కాగితాలు సిద్ధం చేయాలి, కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆ పనులన్నీ చేసిన గంటలు రోగి నాడి పట్టుకోవాల్సిన గంటల్లోంచే పోతాయి.

ఇది ప్రాణాల లెక్క. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రుల సమాచారంతో లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగిన కొద్దీ ఆపరేషన్ అయిన రోగులు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోంది. ఏ వార్డులో ఒక నర్సు ఎంతమందిని చూడాలో చెబుతూ కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలులో పెట్టింది. మనకు ప్రమాణం ఉంది. పాటించకపోతే అడిగే నాథుడే లేడు.

జీతాల కథా అంతే. ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లో సిఫారసులు చేసింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు ఆస్పత్రిలోనైనా నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదని చెప్పింది. ఏళ్లు గడుస్తున్నా ఆ అంకెను కలగానే చూస్తున్న నర్సులు మన జిల్లా కేంద్రాల్లోని నర్సింగ్ హోముల్లో కోకొల్లలు. అందుకే నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్లలు గల్ఫ్‌కి, ఇంగ్లండ్‌కి, జర్మనీకి వెళుతున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి మరీ పంపుతోంది. వాళ్ల బతుకులు బాగుపడటం సంతోషమే. ఇక్కడ మిగిలిన చేతుల మీద ఇంకో మంచం బరువు పడుతుందన్నది కూడా నిజమే.

అరుణ పక్కన నిలబడ్డవాళ్లు

1973 నవంబరు 27న ముంబయి కేఈఎం ఆస్పత్రిలో అరుణ శాన్‌బాగ్ అనే పాతికేళ్ల నర్సు మీద అదే ఆస్పత్రిలో పనిచేసే వ్యక్తి దాడి చేశాడు. మెడకు కుక్క గొలుసు బిగించడంతో మెదడుకు ఆక్సిజన్ అందక ఆమె మళ్లీ కోలుకోలేదు. భద్రత కావాలంటూ నర్సులు సమ్మెకు దిగారు. సమ్మె ముగిశాక అరుణను మాత్రం వదల్లేదు. 2015 మే 18న ఆమె న్యుమోనియాతో కన్నుమూసే వరకు దాదాపు 42 ఏళ్లు తినిపించారు, స్నానం చేయించారు, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఆమెను చూసి ఎరగని కొత్త తరం నర్సులకు పాత తరం ఆ బాధ్యత అప్పగించి వెళ్లింది. ఆమెకు కారుణ్య మరణం కోరుతూ వేసిన కేసులో, 37 ఏళ్లలో ఒక్క పడకపుండు కూడా రాలేదని ఆస్పత్రి సుప్రీంకోర్టుకు తెలిపింది. కదల్లేని మనిషిని ఒక్క రోజు తిప్పకపోయినా చర్మం కమిలిపోతుందని మంచాన పడ్డ పెద్దలకు సేవ చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. ఆ కేసులో 2011లో తీర్పు ఇస్తూ, అరుణ తరఫున నిర్ణయం తీసుకోవాల్సింది కేఈఎం సిబ్బందేనని కోర్టు చెప్పింది. జట్టుపనికి నాకు తెలిసిన అతిపెద్ద ఉదాహరణ ఇదే.

దాడులు మాత్రం ఆగలేదు. రోగి పరిస్థితి విషమించినప్పుడు బంధువుల కోపం ముందుగా తాకేది ఎదురుగా ఉన్న నర్సునే. పెద్ద డాక్టరు గదిలో ఉంటారు, ఆమె మంచం పక్కన ఉంటుంది. అటు డాక్టరు కోపం, ఇటు బంధువుల ఆవేశం మధ్య ఆమె అడకత్తెరలో పోకచెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే ఆస్పత్రి సిబ్బందిపై దాడుల నిరోధక చట్టం చేసింది. మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. నర్సులు కూడా దాని పరిధిలోకి వస్తారు. ఈ చట్టం ఉందన్న సంగతి వార్డుల్లో ఎంతమంది నర్సులకు చెప్పారు?

మీ వాళ్లు ఆస్పత్రిలో ఉంటే...

- చేరిన వెంటనే పాత ప్రిస్క్రిప్షన్లు, వాడుతున్న మందులు సిస్టర్‌కు చూపించండి. ఏ మందైనా పడకపోతే అడగకపోయినా చెప్పండి.
- డ్యూటీ మారే వేళ, ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కిస్తున్న వేళ ఆమెను కదిలించకండి. ఆ నిమిషంలో మనసు మళ్లితే నష్టపోయేది మన మనిషే.
- రోగిలో ఏ మార్పు కనిపించినా, అది చిన్నదే అనిపించినా, ఎప్పటి నుంచో సమయంతో సహా చెప్పండి.
- ఫిర్యాదు ఉంటే హెడ్ నర్స్‌కు, సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. వార్డులో కేకలు వేస్తే పక్క మంచం మీదున్న రోగికి అందాల్సిన సేవ ఆగిపోతుంది.

దేవత అనడం సరిపోదు

ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన మే 12న ఏటా నర్సులకు పూలగుచ్ఛాలు ఇస్తాం. దేవతలంటాం, అమ్మతో పోలుస్తాం. ఆ నైటింగేల్ క్రిమియా యుద్ధపు ఆస్పత్రిలో దీపం పట్టుకుని తిరిగి ఊరుకోలేదు. సైనికులు గాయాల కంటే రోగాలతోనే ఎక్కువమంది చస్తున్నారని లెక్కలు తీసి, బొమ్మలు గీసి, ప్రభుత్వం ముందు పెట్టింది. తనకు కనిపించింది పైవాళ్లకు వినిపించేదాకా వదల్లేదు. నర్సుకు ఇవ్వాల్సిన గౌరవం ఆ వినడమే.

1947 నాటి చట్టం స్థానంలో కేంద్రం 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది. మంచిదే. కానీ వార్డు మారేది ఢిల్లీలో కాదు. ప్రతి ఆస్పత్రిలో హ్యాండోవర్‌కి పావుగంట పక్కాగా కేటాయించాలి. అనుమానం వచ్చిన నర్సు ఒక మెట్టు దాటి పై డాక్టరుకు ఫోన్ చేస్తే అది నేరం కాదని రాసి గోడకు అతికించాలి. కసిరిన సీనియర్‌ను, కసిరిన డాక్టరును పిలిచి మాట్లాడే వ్యవస్థ ఉండాలి. మెడికల్ విద్యార్థులూ నర్సింగ్ విద్యార్థులూ కొన్ని తరగతులైనా కలిసి చదవాలి. అన్నిటికంటే ముందు ఖాళీలు నింపాలి.

నాన్నను బతికించిన ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు. డిశ్చార్జి రోజున పెద్ద డాక్టరుకు దండం పెట్టాం, ఆయన పేరు ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆమె ఆ రోజు నైట్ డ్యూటీలో ఉండి పగలు కనిపించలేదు. మేం వచ్చేశాం. మీరు మాత్రం ఆ పొరపాటు చేయకండి. మీ వాళ్లు ఉన్న వార్డులో సిస్టర్ పేరేమిటో అడిగి తెలుసుకోండి. ఆమె "ఎందుకో అనుమానంగా ఉంది" అంటే, డాక్టరు వచ్చి చూసేదాకా ఆమె పక్కన నిలబడండి.